కొండ పొద పిగిలి

కొండ పొద పిగిలి దక్షిణ భారతంలోని రాతి గుట్టల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా బతకని పక్షి. దీన్ని పసుపు గొంతు పిగిలి అని, క్లుప్తంగా కొండ పిగిలి అని కూడా పిలుస్తారు. శాస్త్రీయ నామం పిక్నోనోటస్ జాంథోలేమస్. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన టి. సి. జెర్డాన్ 1845లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రాయలసీమ కొండలు, కర్ణాటక తూర్పు జిల్లాల గుట్టలు, తమిళనాడు కొండల్లో కొన్ని, కేరళలో చిన్నార్ అభయారణ్యం చుట్టూ ఉన్న చిన్న ముక్క. దీని లోకం ఇంచుమించు ఇంతే. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సమితి దీన్ని ముప్పుకు లోనయ్యే (వల్నరబుల్) జాతుల్లో చేర్చింది. శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ గుట్టలు దీనికి ఆవాసం. హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఉన్న గుట్టల వరుస కూడా ఇది బతికే తరహా నేలే. అయినా ఆ ఊళ్లలో దీని పేరు విన్నవాళ్లు బహు తక్కువ.

అలా తెలియకపోవడానికి కారణం ఆ పక్షి స్వభావమే. మనిషి అలికిడి వినబడగానే పొదలోకి దూరుతుంది, లేదా గుండు చాటుగా వాలు కిందికి జారుకుంటుంది. పొలాల్లోకీ పెరళ్లలోకీ ఊరి చింతచెట్ల మీదికీ రాదు. ఇదే జిల్లాలో, చిలమత్తూరు మండలం వీరాపురంలో, ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలు నడి ఊళ్లో చింతచెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్టలు ఇంటి ముందు పడుతున్నా ఊరివాళ్లు ఏమీ అనరు, వాటి రాకను శుభంగా భావిస్తారు. ఆ కొంగలకు పత్రికల్లో చోటుంది, చూడవచ్చే జనమూ ఉన్నారు. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే, ఈ నేలకే సొంతమైన కొండ పిగిలికి అలాంటి గుర్తింపు ఇంకా రాలేదు.

రూపం, బంధువులు

పిగిళ్ల కుటుంబంలో ఆఫ్రికా, ఆసియా ఖండాలంతటా కలిపి 150కి పైగా జాతులున్నాయి. వాటిలో తెలుగువాళ్లకు బాగా తెలిసింది మామూలు పిగిలి పిట్ట. నల్లటి తల, నెత్తిన చిన్న జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. కొండ పిగిలి ఇంచుమించు అంతే ఉంటుంది, పొడవు 20 సెంటీమీటర్ల వరకు. నెత్తిన జుట్టు ఉండదు. వీపు బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ, తల మీద పసుపు ఛాయ. గొంతు మాత్రం పచ్చని పసుపు, తోక మొదట్లో కిందివైపు కూడా అదే రంగు. పొట్ట లేత బూడిద రంగులో ఉంటుంది. తోక ఈకల కొసలు తెల్లగా, కాస్త పసుపు కలిసినట్టు కనిపిస్తాయి. ముక్కు, కాళ్లు నల్లన. ఆడ, మగ పక్షులకు పైకి తేడా కనబడదు.

కొత్తగా చూసేవాళ్లు దీన్ని పొద పిగిలితో పొరబడతారు. అదీ 20 సెంటీమీటర్ల పక్షే, మాసిన ఆకుపచ్చ రంగుదే, ముళ్లపొదల్లో దాగి ఉండేదే. పొద పిగిలికి కంటి మీద స్పష్టమైన తెల్లటి కనుబొమ చార ఉంటుంది, కొండ పిగిలికి ఆ చార లేదు. పొద పిగిలి గుట్ట అడుగున ఉన్న చిట్టడవిలోనూ ఊరి పక్క కంపల్లోనూ తిరుగుతుంది. కొండ పిగిలి వాలు మీద, గుండ్ల మధ్య ఉంటుంది. గొంతు వినగానే రెండూ ఒకే మాట పలుకుతున్నట్టు అనిపించినా, పొద పిగిలి అరుపు గలగలా ఒక్కసారిగా తన్నుకొచ్చినట్టు ఉంటుంది. కొండ పిగిలి గొంతు ఇంకాస్త మెత్తన. రూపం కంటబడకముందే గొంతును బట్టి దీని ఉనికిని కనిపెట్టడం పరిశీలకులకు అలవాటు.

మూడు పిగిళ్లూ ఒకే ప్రజాతికి చెందినవే అయినా వాటి జాతకాలు ఎంత వేరో చూడాలి. మామూలు పిగిలి పిట్ట ఏదైనా తింటుంది, ఎక్కడైనా గూడు కడుతుంది. హిందూపురం చుట్టుపక్కల మల్బరీ తోటల్లో పండిన కాయల మీద వాలేదీ, ధర్మవరం డాబాల మీద తులసికోట పక్కన కూర్చునేదీ అదే. 1903 ప్రాంతంలో భారతీయ ఒప్పంద కూలీల వెంట పంజరాల్లో ఫిజీ దీవులకు చేరిందని చెబుతారు. ఆ తర్వాత తహితి, హవాయి దాకా పాకింది. పండ్ల తోటలకు నష్టం చేస్తూ, కలుపు మొక్కల విత్తనాలు చల్లుతూ, ప్రపంచంలో అతి ప్రమాదకరమైన 100 పరదేశి జాతుల జాబితాలోకి ఎక్కింది. దాని సోదర జాతి కొండ పిగిలి పెనుకొండ గుట్ట దిగి పక్క చేనులోకి కూడా రాదు. మామూలు పిగిలి ఎక్కువవుతున్న కాలంలోనే కొండ పిగిలి తరగడానికి కారణం వెతికితే అది ఈ తేడా దగ్గరే దొరుకుతుంది.

గుండ్లు, పొదలు

గుంతకల్లు నుంచి బెంగళూరు వెళ్లే రైల్లో ధర్మవరం దాటాక కిటికీలోంచి చూస్తే ఈ పక్షి ఇల్లు కనబడుతుంది. మైదానం మీద ఉన్నట్టుండి లేచిన గుట్టలు, వాటి మీద ఒకదానిపై ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, మధ్య సందుల్లోంచి పొడుచుకొచ్చిన పచ్చదనం. ఇవి దక్కను పీఠభూమిలోని అతి ప్రాచీనమైన నీస్, గ్రానైట్ రాళ్లు. కోట్ల ఏళ్లుగా ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లారి, వాననీరు పగుళ్లలో దిగి, పొరలు పొరలుగా ఊడి గుండ్రబడ్డాయి. పెనుకొండ కోట, లేపాక్షి వీరభద్రాలయం నిలిచిన కూర్మశైలం, ఆ ఊరి ఏకశిలా నంది, అన్నీ ఈ రాతి చలవే. 1565లో రక్కసి తంగడి యుద్ధం తర్వాత తిరుమల రాయలు విజయనగర రాజధానిని పెనుకొండకు మార్చడానికి ఈ గుట్ట ఇచ్చే రక్షణ ఒక కారణం. ఎక్కడానికి కష్టమైన రాతి వాలే రాజుకూ పక్షికీ ఆశ్రయమైంది.

అనంతపురం సీమలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది, అదీ నమ్మకం లేని వాన. మైదానంలో చెనక్కాయ పంట ఎండిపోయే ఏళ్లలో కూడా గుట్ట మీద కొంత పచ్చదనం మిగలడానికి కారణం రాతి తీరులోనే ఉంది. పెద్ద బండ మీద పడ్డ వాన ఇంకదు, జారిపోతుంది. అది చేరేది గుండ్ల మధ్య సందుల్లోకే. అంటే సందులోని పిడికెడు మట్టికి తన వాటా కంటే ఎన్నో రెట్లు నీరు అందుతుంది. పైనున్న గుండు నీడ ఆ తేమను త్వరగా ఆరిపోనివ్వదు. అందుకే బోడిగా కనిపించే గుట్టలోనూ రాతి సందుల్లో చెట్టు బలంగా పెరుగుతుంది. బండల మీద సహజంగా ఏర్పడిన దొనల్లో వాననీరు వారాల తరబడి, లోతైన దొనల్లో నెలల తరబడి నిలుస్తుంది. కోటలు కట్టినవాళ్లు ఈ దొనలనే తవ్వి పెద్దవి చేసుకున్నారు. పక్షులకు, ఎలుగుబంట్లకు, చిరుతలకు మండు వేసవిలో అవే ఆధారం.

కొండ పిగిలి కోరుకునేది సరిగ్గా ఈ అమరికనే. గుండ్లు ఉండాలి, వాటి మధ్య పొదలు దట్టంగా ఉండాలి, అక్కడక్కడ కాస్త ఎత్తైన చెట్టు ఉండాలి. పొదలు లేని వట్టి బండ మీద ఇది ఉండదు. రాయి లేని ఒట్టి చిట్టడవిలోనూ ఉండదు, అది పొద పిగిలి రాజ్యం. తడి ఎక్కువై పెద్ద చెట్లు కమ్ముకున్న అడవిలోకి కూడా పోదు. ఒకే కొండలో ఒక వాలు మీద ఈ పక్షి ఉండి, అవతలి వాలు మీద లేకపోవడం మామూలే.

అదే గుట్టల్లో దీనికి తోడుగా ఉండే జీవులు కూడా చాలావరకు రాతిని నమ్ముకున్నవే. గవుల్లో పగలంతా కూర్చుని మునిమాపున బండ మీదికొచ్చే పెద్ద గుడ్లగూబ, ఎండలో ఎర్రగా మెరిసే మగ రాతి తొండ, పొదల కింద ఆకులు గీరుకుంటూ తిరిగే చిత్తడవి కోడి, చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చి గుండ్ల అంచుల మీద వాలే నీలి రాతి పిట్ట. గుట్ట ఒకటి కూలితే ఇవన్నీ ఒకేసారి చెదిరిపోతాయి.

తిండి

కొండ పిగిలి ప్రధానంగా పండ్లు తినే పక్షి. పురుగులను కూడా పడుతుంది, ముఖ్యంగా పిల్లలను సాకేటప్పుడు. కొమ్మ మీద నుంచి చివ్వున లేచి గాలిలోనే పురుగును అందుకుని మళ్లీ పొదలోకి వెళ్లిపోతుంది. మిగతా కాలమంతా పొద కాయలు, చెట్టు పండ్లే. పరికి, బలుసు, గంధం, దేవదారు, తెల్ల పులుగుడు, రేగు వంటివి ఈ గుట్టల్లో ఒక్కొక్కటి ఒక్కో నెలలో కాస్తాయి. మేకలు కాసే పిల్లలు ఎరిగిన పండ్లే ఇవన్నీ.

వేసవిలో పొదలన్నీ ఎండి, కాయ అన్నది కనబడని వారాలు వస్తాయి. అప్పుడు ఆదుకునేవి మేడి జాతి చెట్లు. కొండరావి, జువ్వి, మర్రి వంటివి గుండ్ల మీద పాకి, వేళ్లను రాతి పగుళ్లలోకి దించి బతుకుతాయి. వీటిలో ఒక విశేషం ఉంది. ఒక ప్రాంతంలోని మామిళ్లన్నీ ఒకే రుతువులో కాస్తాయి. మేడి జాతి చెట్లు అలా కాదు, ఏ చెట్టు కాలం దానిదే. వాటి పూత పరాగం ఒక చిన్న కందిరీగ మీద ఆధారపడి ఉంటుంది. ఆ కందిరీగ బతికేది కొద్ది రోజులే కాబట్టి, దాని వంశం నిలవాలంటే ఏడాది పొడవునా ఎక్కడో ఒక చెట్టు కాయ పట్టి ఉండాలి. ఆ ఏర్పాటు వల్ల గుట్టల్లో ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పండు ఉంటుంది. పండిన కొండరావి చెట్టు మీద కొండ పిగిళ్లు జంటలుగా, చిన్న చిన్న గుంపులుగా చేరతాయి. సిగ్గరి పక్షి కాస్త నిలకడగా కనబడే సందర్భాల్లో అదొకటి.

పిగిళ్లు పండును మింగి, విత్తనాన్ని వేరేచోట రెట్టతో వదులుతాయి. పొద నుంచి పొదకు, గుండు నుంచి గుండుకు తిరిగే పక్షి ఆ విత్తనాలను వదిలేది ఎక్కువగా గుండ్ల అంచుల మీద, రాతి సందుల దగ్గర. ఆవగింజకన్నా చిన్నదైన రావి విత్తనం మొలవడానికి అదే సరైన చోటు. మనిషి చేత్తో నాటలేని పగుళ్లలో చెట్లు మొలుస్తున్నాయంటే ఇలాంటి పక్షుల పుణ్యమే. పక్షి తిన్న చెట్టు పక్షికే మళ్లీ చెట్టునిస్తుంది. ఈ చక్రం తిరుగుతున్నంత కాలం గుట్టకు వేరే తోటమాలి అక్కరలేదు. కొండ పిగిలి గురించి చెప్పేటప్పుడు దాని పసుపు గొంతు అందం కంటే ఈ పనికి ఎక్కువ చోటివ్వాలని నా అభిప్రాయం.

ఆస్ట్రేలియాలో ఒక పోలిక

ఒకే ఆధారాన్ని పట్టుకుని బతికే సిగ్గరి పక్షులు ప్రపంచంలో ఇంకా ఉన్నాయి. తూర్పు ఆస్ట్రేలియాలో నిగనిగలాడే నల్ల కాకటూ అనే చిలుక జాతి పక్షి ఉంది. దాదాపు అర మీటరు పొడవుండే ఈ పక్షి తిండి దాదాపు పూర్తిగా ఒకే కుటుంబపు చెట్ల గింజలు. ఆ కుటుంబం మనకు బాగా తెలిసిందే. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా మన కోస్తా ఇసుక నేలల్లో పెంచే సరుగుడు అందులోదే. సరుగుడు కాయలాంటి గట్టి కాయను ఈ కాకటూ ఒక కాలితో పట్టుకుని, ముక్కుతో చీల్చి లోపలి సన్నని గింజలు తీసుకుంటుంది. అంత చిన్న గింజలతో కడుపు నిండాలంటే రోజులో చాలా భాగం తింటూనే ఉండాలి. అందుకని గింజ బాగా పట్టిన చెట్లను గుర్తు పెట్టుకుని మళ్లీ మళ్లీ వాటి మీదికే వస్తుంది. గోల చేయదు. చెట్టు కింద రాలిన కాయ పొట్టును బట్టి, పైనుంచి వినిపించే కటకట శబ్దాన్ని బట్టి దాని ఉనికి తెలుసుకోవాలి. ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది, అదీ పెద్ద చెట్టు తొర్రలో.

దక్షిణ ఆస్ట్రేలియాలోని కంగారూ దీవిలో 1990ల మధ్యకు ఈ పక్షులు 160కి లోపే మిగిలాయి. అక్కడివాళ్లు సరుగుడు జాతి చెట్లు నాటారు, తొర్రలు చాలక కృత్రిమ గూళ్లు కట్టారు, గుడ్లు తినే పోసమ్ జంతువులు ఎక్కకుండా చెట్ల మొదళ్లకు రేకులు చుట్టారు. ఇరవై ఏళ్లలో సంఖ్య 370 దాకా పెరిగింది. 2019 చివర, 2020 మొదట్లో వచ్చిన కార్చిచ్చు దీవిలో దాదాపు సగాన్ని కాల్చేసినా, అక్కడ మళ్లీ నాటడం ఆగలేదు.

కాకటూను కట్టిపడేసింది తిండి. కొండ పిగిలిని కట్టిపడేసింది చోటు. ఈ తేడా చిన్నది కాదు. పోయిన చెట్టును ఇరవై ఏళ్లలో తిరిగి తెచ్చుకోవచ్చని కంగారూ దీవి చూపించింది. కంకరగా మారిన గుట్టను తిరిగి తెచ్చే దారి ఏ దేశంలోనూ లేదు. కాబట్టి కొండ పిగిలి విషయంలో పోయాక దిద్దుకోవచ్చులే అనే అవకాశం మొదటి నుంచీ లేదు.

పరిశోధన చరిత్ర

జెర్డాన్ 1836లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్నప్పుడు తూర్పు కనుమల వైపు తిరిగి పక్షులను సేకరించాడు. రోగులను చూడటంతో పాటు స్థానికులను పలకరించి పక్షుల పేర్లు రాసుకోవడం ఆయన అలవాటు. కొండ పొద పిగిలి అనే తెలుగు పేరు ఆయన రాతల వల్లే మనకు అక్షరాల్లో మిగిలింది. ఆ పేరు చెప్పిన వేటగాళ్ల, పిట్టలు పట్టేవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. శాస్త్రవేత్త రాకముందే ఈ మూడు పిగిళ్లనూ విడివిడిగా గుర్తుపట్టి, ఒకటి ఊరిది, ఒకటి పొదది, ఒకటి కొండ పొదది అని వేరుచేసిన పరిశీలన వాళ్లది. ఆ ఘనత వాళ్లకు దక్కాలి.

జెర్డాన్ పేరుతోనే ప్రసిద్ధమైన కలివి కోడి కూడా ఈ రాయలసీమదే. ఎనభై ఏళ్లకు పైగా జాడలేకుండా పోయి, 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. దాని కోసం శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కొండ పిగిలి అలా పూర్తిగా మాయమై తిరిగి దొరికిన పక్షి కాదు. నిశ్శబ్దంగా ఉంటూ, నిశ్శబ్దంగా తగ్గుతూ వచ్చింది. అందుకే దాని కథకు పత్రికల్లో మొదటి పేజీ దొరకలేదు.

జెర్డాన్ తర్వాత చాలాకాలం దీని గురించి రాసినవాళ్లు కొద్దిమందే. 1929లో మొదలైన వెర్నే తూర్పు కనుమల పరిశోధన యాత్ర ఆ లోటును కొంత తీర్చింది. ఆ సేకరణల ఆధారంగా హ్యూ విస్లర్, నార్మన్ కిన్నియర్ బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో వరుస వ్యాసాలు రాశారు. ఆపైన అర్ధ శతాబ్దం పాటు అక్కడొకటి ఇక్కడొకటి కనబడిందన్న ముక్కలే. ఈ పక్షి నిజంగా అరుదా, లేక అది ఉండే చోట వెతికేవాళ్లు అరుదా అన్న ప్రశ్నకు జవాబు వెతికింది బెంగళూరు పరిశీలకులు ఎస్. సుబ్రమణ్య, జె. ఎన్. ప్రసాద్, ఎస్. కార్తికేయన్. దక్షిణ భారతంలోని గుట్టలను గాలించి, 2006లో అదే పత్రికలో వివరమైన వ్యాసం ప్రచురించారు. ఈ పక్షి అనుకున్నదానికంటే ఎక్కువ చోట్ల ఉందని, అయితే ఉన్న ప్రతిచోటా గుండ్లూ పొదలూ కలిసిన వాలుకే పరిమితమై ఉందని తేల్చారు. ఒక గుట్టకూ మరో గుట్టకూ మధ్య మైళ్ల కొద్దీ పొలాలు, ఊళ్లు. ఒక గుట్ట మీది పక్షులు పోతే పక్క గుట్ట నుంచి వచ్చి నిండటం తేలిక కాదు.

పెన్నా, చిత్రావతి వెంట

హిందూపురం పక్కగా పోయే పెన్నా, ధర్మవరం మీదుగా పోయే చిత్రావతి రెండూ కర్ణాటకలో నంది కొండల ప్రాంతంలోనే పుట్టాయి. ఆ నంది కొండలు కొండ పిగిలికి పేరున్న స్థావరం. నంది నుంచి ఉత్తరంగా పెనుకొండ వైపు, తూర్పుగా మదనపల్లె పక్కన ఉన్న హార్స్‌లీ కొండల వైపు, దక్షిణంగా ‘షోలే’ సినిమా తీసిన రామనగర గుట్టల వైపు గీత గీస్తే ఈ జాతి నడిబొడ్డు తెలుస్తుంది. ఇంకా తూర్పున శేషాచలం కొండలు, తమిళనాట సెంజి కోట, ఏర్కాడు ఉన్నాయి. రాష్ట్రాల సరిహద్దులు ఈ పక్షికి పట్టవు, రాతి సరిహద్దే పట్టింపు. కాబట్టి పెనుకొండ గుట్టలను విడిగా కాక ఈ వరుసలో ఉత్తరపు మెట్టుగా చూడాలి.

ముప్పు

మొదటిది క్వారీ. గ్రానైట్ దిమ్మెలకు, రోడ్డు కంకరకు గిరాకీ పెరిగినకొద్దీ గుట్టల ధర గుట్టలో ఉన్న రాయి ధరే అయిపోయింది. బెంగళూరు పెరుగుదల, జాతీయ రహదారి విస్తరణ, కొత్త పరిశ్రమల రాక, వీటన్నిటికీ రాయి కావాలి. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఈ ప్రాంతం రూపమే మారుతోంది. ఉపాధి రావడం ఈ కరువు సీమకు ఎంతో అవసరం. ఏ గుట్ట నుంచి రాయి తీయాలి, ఏ గుట్టను వదలాలి అన్న ఎంపికే లేకపోవడం తప్పు. పొదలు, దొనలు, మేడి చెట్లు ఉన్న గుట్టకూ వట్టి బండకూ రాతి ధరలో తేడా ఉండదు, జీవంలో మాత్రం చెప్పలేనంత తేడా ఉంటుంది. అనుమతి పత్రంలో ఆ తేడాకు ఒక గడి ఉంటే చాలు, చాలా గుట్టలు మిగులుతాయి.

రెండోది నిప్పు. మాఘ, ఫాల్గుణ మాసాలు వచ్చేసరికి బోద గడ్డి నిలువునా ఎండిపోతుంది. కొత్త చిగురు వస్తుందని పశువుల కాపరులు ఎక్కడో పెట్టిన నిప్పు, ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క, రాత్రికి రాత్రి గుట్ట చుట్టూ దండలా అంటుకుంటుంది. పెద్ద చెట్లు తట్టుకుంటాయి. బలుసు, పులుగుడు వంటి పొదలు మాత్రం ఏటా కాలితే కాపుకు రావు. పైకి గుట్ట అలాగే ఉంటుంది, లోపల కొండ పిగిలికి తిండి ఉండదు. క్వారీ చప్పుడు చేస్తుంది కాబట్టి పది మందికీ తెలుస్తుంది. ఈ నష్టం ఎవరి కంటా పడదు, అందుకే నా దృష్టిలో ఇది క్వారీకి తీసిపోని ముప్పు.

వంటచెరకు నరకడం, మేకల మేత, లంటానా అనే కలుపు పొద కమ్ముకోవడం కూడా ఉన్నాయి. లంటానా పండును పిగిళ్లు తింటాయి కాబట్టి దాన్ని పూర్తి శత్రువు అనలేం, అయితే అది నిండిన వాలు మీద మిగతా పొదలు మొలవవు. కొండ మీది గుళ్లకు రోడ్లు వేసేటప్పుడు గుండ్లు పేల్చడం మరో సమస్య. ఈ కొండల మీద దేవుడు వెలిశాడన్న నమ్మకం తరతరాలుగా గొడ్డలిని దూరంగా ఉంచింది. ఆ దేవుడి పేరుతోనే యంత్రం పైకి ఎక్కడం బాధాకరం.

రక్షణ

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షిని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. అయితే దీన్ని ఎవరూ పట్టుకుపోవడం లేదు కాబట్టి ఆ రక్షణ వల్ల ఒరిగేది తక్కువ. రక్షించాల్సింది దాని వాలును. రామనగరలో రాబందుల కోసం 2012లో ఏర్పడిన అభయారణ్యం కొండ పిగిలికి కూడా నీడనిచ్చింది. శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంలోని పక్షులకు అలాంటి భరోసాయే ఉంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ పాఠశాల అనుభవం వీటికంటే ఎక్కువ నేర్పుతుంది. జిడ్డు కృష్ణమూర్తి ప్రారంభించిన ఆ సంస్థ బోడి గుట్టల మధ్య ఉండేది. మేతను, నరుకుడును ఆపి, నిప్పును అడ్డుకుని, స్థానిక చెట్లను పెంచుతూ దశాబ్దాల పాటు వాలును కాపాడారు. 1991లో ఆ లోయను పక్షి సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. కొండ పిగిలిని చూడటానికి పక్షి ప్రేమికులు అక్కడికి వెళ్తుంటారు. గుండ్లు మిగిలి ఉంటే పొదలు తిరిగి వస్తాయని ఆ లోయ చెబుతుంది.

పెనుకొండకు ఇలాంటి అవకాశం తేలికగా ఉంది. కోట గుట్ట చారిత్రక స్థలం కావడం వల్ల అక్కడ క్వారీ బెడద తక్కువ. మిగిలింది వేసవి నిప్పును ఆపడం, మెట్లదారి పక్కన పొదలను శుభ్రం పేరుతో నరకకుండా చూడటం. కోట చూపించే బోర్డుల పక్కన ఈ పక్షి బొమ్మతో ఒక బోర్డు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. పెనుకొండలోని గగన్ మహల్ రాజభవనం చూడటానికి వచ్చే బడి పిల్లలకు ఇదీ ఈ కొండ సంపదే అని తెలుస్తుంది.

చూడాలనుకునేవారికి

తెల్లవారాక మొదటి రెండు గంటలు, సాయంత్రం చివరి గంట మంచి సమయం. పెనుకొండ కోట దారిలో గుండ్లు దట్టంగా ఉన్న వాలు దగ్గర కదలకుండా కూర్చోవాలి. పండిన రావి, జువ్వి చెట్టు గానీ నీరున్న దొన గానీ కనబడితే దానికి కాస్త దూరంగా ఆగాలి. ఫోన్‌లో రికార్డు చేసిన అరుపు వినిపించి పక్షిని బయటికి రప్పించడం కొందరికి అలవాటు. తన చోటులోకి వేరే పక్షి వచ్చిందనుకుని అది తిండి, గూడు వదిలి తిరుగుతుంది కాబట్టి అలా చేయకూడదు. గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు ఉన్నాయి, చీకట్లో ఒంటరిగా ఎక్కడం మంచిది కాదు.

చూసినదాన్ని తేదీ, చోటు, ఎన్ని పక్షులు, ఏ చెట్టు మీద అన్న వివరాలతో ఈబర్డ్ వంటి వేదికలో నమోదు చేస్తే శాస్త్రానికి నేరుగా పనికొస్తుంది. లేపాక్షి, మడకశిర, రొద్దం, రామగిరి, ధర్మవరం చుట్టూ వాలు వాలునా వెతకాల్సిన గుట్టలు చాలా ఉన్నాయి. వెతికినా కనబడకపోతే ఆ సంగతి కూడా రాయాలి. ఏ గుట్ట మీద ఈ పక్షి లేదో తెలిస్తేనే ఉన్న గుట్టల విలువ క్వారీ అనుమతులిచ్చే అధికారులకు లెక్కతో చూపించగలం.